విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు ఏం పంపుతున్నారు? నిలవ వంటకాలు, పార్సెల్ సలహాలు

గోదావరి అమ్మ (రాజమహేంద్రవరం):

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఎం.ఎస్. చదవడానికి జర్మనీ వెళ్ళాడు. వాడి వంటిల్లంటే ఒక హాట్ ప్లేటు, ఒక ఎలక్ట్రిక్ కుక్కర్, ఇంకో ముగ్గురితో పంచుకునే ఫ్రిజ్‌లో ఒక అర. ఫోన్ చేసి తిన్నావా నాన్నా అంటే తిన్నానంటాడు. ఏం తిన్నావంటే బ్రెడ్డంటాడు. సంక్రాంతికి అందేలా ఒక పెట్టె పంపాలని నా కోరిక.

ఫ్రిజ్ లేకుండా నిలవ ఉండేవి, దారిలో పాడవనివి, అక్కడ కస్టమ్స్ వాళ్ళు ఆపనివి ఏమిటో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. దయచేసి కొలతలతో రాయండి. ముందుగా నా వంతు, మా ఇంటి కంది పొడి:

కందిపప్పు ఒక కప్పు, పచ్చిశనగపప్పు పావు కప్పు, పెసరపప్పు పావు కప్పు, ఎండుమిరపకాయలు 12, జీలకర్ర ఒక చెంచా, ఉప్పు. పప్పులు మూడూ కలిపి వేయించకండి. పెసరపప్పు మాడిపోయేసరికి కందిపప్పు ఇంకా పచ్చిగానే ఉంటుంది. దేనికది సన్న సెగ మీద, కందిపప్పు ఎర్రబడి లోపలిదాకా వేగేవరకూ వేయించాలి. ఒక పప్పు గింజ నోట్లో వేసుకుని కొరికితే కరకరమనాలి. పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లారనిచ్చి, కాస్త పలుకుగా పట్టుకోవాలి. నిలవకైతే ఇందులో పచ్చి వెల్లుల్లి వేయను. తినేటప్పుడు కావాలంటే వాళ్ళే ఒక రెబ్బ దంచుకుంటారు.

బెర్లిన్ బ్యాచిలర్:

ఆంటీ, నేను పార్సెల్ అందుకునే వైపు మనిషిని కాబట్టి ఈ వైపు సంగతి చెప్తాను.

ముందు వాడినే అడగండి. "ఏం పంపమంటావు" అని కాదు, అలా అడిగితే అందరం "ఏమీ వద్దమ్మా" అనే అంటాం. రాత్రి ఎన్నింటికి ఇంటికొస్తున్నాడు, వచ్చాక ఎంతసేపు స్టవ్ దగ్గర నిలబడగలుగుతున్నాడు, రూమ్‌మేట్స్ ఎవరు, ఇవి అడగండి. క్లాసులు, పార్ట్‌టైమ్ అయ్యాక తొమ్మిదిన్నరకు గదికొచ్చి కుక్కర్‌లో బియ్యం పెట్టడమే గొప్ప. ఆ అన్నంలోకి పొడి, నూనె ఉంటే భోజనం అయిపోయినట్టే. అందుకే నా ఓటు పొడులకు. కంది పొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, మునగాకు పొడి, చారు పొడి.

రెండు కిలోల ఆవకాయ ఒకే డబ్బాలో పంపకండి. 150 గ్రాముల ప్యాకెట్లుగా చేసి పంపితే ఒకటి విప్పి, అయ్యాక ఇంకోటి విప్పుతాం. పెద్ద డబ్బా అయితే తడి చెంచా పడటం ఖాయం. నలుగురి చేతులు కదా.

ఇంగువ, వెల్లుల్లి కారం లాంటివి రెండు కవర్లలో సీల్ చేసి మళ్ళీ డబ్బాలో పెట్టండి. పంచుకునే ఫ్రిజ్‌లో వాసన మీద గొడవలవుతాయి. కుర్రాడు ఇబ్బంది పడి చెప్పడు, డబ్బా మూలకు నెట్టేస్తాడు.

ఇక నియమాలు. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాలతో చేసినవి వ్యక్తిగత పార్సెల్‌లో కూడా రానివ్వరు. కోడి పచ్చడి, కోవా, నెయ్యి, పాలకోవా బిళ్ళలు పెట్టకండి. పచ్చి ఆకులు, కూరగాయలకు ఫైటోసానిటరీ సర్టిఫికెట్ (పురుగులు, తెగుళ్ళు లేవని ఇచ్చే పత్రం) కావాలి, కాబట్టి అవీ వద్దు. ఒక మనిషి ఇంకో మనిషికి పంపే బహుమతి విలువ 45 యూరోల లోపుంటే పన్ను, సుంకం ఉండవు. లోపల ఏముందో స్పష్టంగా రాయకపోతే పెట్టె కస్టమ్స్ ఆఫీసులో ఆగిపోతుంది, మేం క్లాసు మానేసి అక్కడికెళ్ళి వాళ్ళ ఎదురుగా విప్పి చూపించాలి.

తాతమ్మ వంటలు (గుంటూరు):

నాయనా, పొడులు సరే. నోటికి పుల్లగా తగలకపోతే అన్నం ఎట్లా దిగుతుంది? గోంగూర లేకుండా పెట్టె కడతారా ఎవరన్నా!

నిలవ గోంగూరకు ఎర్ర కాడ గోంగూరే కావాలి. కాడలు తీశాక కిలో ఆకు లెక్క. కడిగి, పాత నూలు చీర మీద నీడన పరిచి రాత్రంతా ఉంచు. పొద్దున గుప్పెడు ఆకు తీసి చేతిలో నలుపు. అరచేతికి తడి తగిలిందంటే ఇంకో పూట ఆరాలి. ఇక్కడ తొందరపడితే పచ్చడి పై పొర తెల్లబడుతుంది, తర్వాత నువ్వెంత నూనె పోసినా లాభం లేదు.

నూనె పావు కిలో పైన పడుతుంది, పప్పు నూనె, అదే నువ్వుల నూనె అయితే మంచిది. సగం నూనెలో ఆకు వేసి మూత పెట్టకుండా మగ్గించు. మూత పెడితే ఆవిరి నీరై తిరిగి అందులోనే పడుతుంది. ఆకు దగ్గరపడి, నలుపు తిరిగి, గరిటెకు ముద్దగా అంటాలి. ఎండుమిర్చి 150 గ్రాములు, మెంతులు, ఆవాలు రెండేసి చెంచాలు వేయించి పొడి చెయ్యి. 100 గ్రాముల చింతపండు గింజా పీచూ తీసి, వేడి వేడి గోంగూరలోనే పడెయ్యి, నీళ్ళలో నానబెట్టవద్దు. ఆ వేడికే మెత్తబడుతుంది. ఉప్పు వంద గ్రాములు వేసి రుచి చూసుకో. అన్నీ కలిపి రుబ్బి, మిగతా నూనెతో తాలింపు పెట్టి చల్లారాక కలుపు. మూడో రోజు మళ్ళీ కలియబెట్టి ఉప్పు చూసి, అప్పుడు ప్యాకెట్లు కట్టు. చేసిన రోజే కట్టకూడదు.

హోమ్ సైన్స్ టీచర్:

తాతమ్మగారు చెప్పిన ప్రతి మాట వెనకా కారణం ఉంది. నేను పాతికేళ్ళు పాఠం చెప్పిన విషయమిది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పదార్థం పాడవడానికి కావలసింది నీరు. ఆకు ఆరబెట్టడం, పప్పు లోపలిదాకా వేయించడం, చల్లారాక కట్టడం, అన్నీ ఆ నీరు లేకుండా చేయడానికే. వేడి పొడిని కవర్లో పోసి సీల్ చేస్తే లోపల ఆవిరి చెమరుస్తుంది. ఆ నాలుగు చుక్కలు చాలు బూజుకు. వేరుశనగలో బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది వేయించినా పూర్తిగా పోదు. కాబట్టి పల్లీల పొడి, పల్లీ చిక్కీ ముక్కవాసన వస్తే మొహమాటపడకుండా పారేయమని పిల్లలకు చెప్పండి.

రెండోది పులుపు, ఉప్పు. ఆవకాయ, గోంగూర, చింతకాయ, ఉసిరికాయ వీటిలో పులుపు ఎక్కువ. పులుపును కొలిచే పి.హెచ్. అంకె (అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కంటే తక్కువ ఉన్నచోట, బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషాన్ని కలిగించే బ్యాక్టీరియా పెరగదు. అందుకే ఆవకాయలో వెల్లుల్లి రెబ్బలు ఏళ్ళ తరబడి ఉన్నా ఏమీ కాదు. పులుపు లేకుండా, ఉత్త నూనెలో పచ్చి వెల్లుల్లి వేసి సీసా బిగించి పంపడం మాత్రం ప్రమాదం. గాలి తగలదు, పులుపు లేదు, నీరున్న రెబ్బ ఉంది, దారిలో వేడి ఉంది. ఆ విషానికి రంగు మారదు, వాసన రాదు. వాక్యూమ్ ప్యాకింగ్ చేయించాం కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు, ఈ బ్యాక్టీరియాకు గాలి లేకపోవడమే కావాలి. ఈ ఒక్కటి మాత్రం ఎవరూ పంపవద్దని బతిమాలుతున్నాను.

కాకరకాయ, దొండకాయ, వంకాయ పచ్చళ్ళు కూడా పులుపు సరిపడా లేకపోతే పది రోజుల ప్రయాణానికి తగవు. కాకరకాయను కరకరలాడేలా వేయించి కారప్పొడి కొట్టండి, ఆ రూపంలో నిశ్చింతగా వెళ్తుంది.

పార్సెల్ కౌంటర్ (హైదరాబాద్):

విదేశీ కొరియర్ కౌంటర్‌లో పనిచేస్తాను. రోజూ పదుల పెట్టెలు విప్పి మళ్ళీ కడతాం. మా వైపు నుంచి తెలిసినవి చెప్తా.

చార్జీ బరువును బట్టి అనుకుంటారు అందరూ. పెట్టె సైజు కూడా లెక్కే. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. ఆ వచ్చిన అంకె, అసలు బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 40 × 40 × 40 పెట్టె అయితే 12.8 కిలోలు. అందులో మీరు నాలుగు కిలోల వడియాలు, అప్పడాలు వేసినా 12.8 కిలోలకే కట్టాలి. కాబట్టి వడియాలు, జంతికల లాంటి గుల్ల సరుకు ఒక్కటే పెట్టకుండా, బరువైన పొడులు అడుగున, గుల్ల సరుకు పైన పెట్టి పెట్టెను నింపండి. లేదా పెట్టె చిన్నది తీసుకోండి.

గాజు సీసాలు తేవద్దు. పచ్చడిని మందం కవర్లో పోసి, పైన రెండు వేళ్ళ ఖాళీ వదిలి హీట్ సీల్ చేయాలి. అంచుకు నూనె అంటితే సీల్ పట్టదు, అదే చాలా లీకులకు మూలం. గరాటు గానీ, మడిచిన కాగితం గానీ వాడి అంచు తుడవాల్సిన అవసరం లేకుండా పోయండి. దాని మీద ఇంకో కవర్, దాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో. ఆ డబ్బాను బట్టల మధ్య పెట్టకండి, విడిగా పెట్టండి.

ప్రతి ప్యాకెట్ మీద ఇంగ్లీషులో పేరు, అందులో వేసినవి, చేసిన తేదీ అతికించండి. ఉత్త "పొడి" అని రాస్తే అక్కడ దాన్ని చూసేవాడికి అదేం పొడో తెలియదు. తెల్ల పిండి అయితే మరీ ముఖ్యం. పంపేవారి ఆధార్ కాపీ అడుగుతాం. పోస్టాఫీసులో ఇంటర్నేషనల్ స్పీడ్ పోస్ట్‌లో పంపినా కస్టమ్స్ డిక్లరేషన్ నింపాలి. విలువ తగ్గించి రాయమని మమ్మల్ని అడగకండి, ఉన్నదున్నట్టు రాస్తేనే పెట్టె త్వరగా బయటపడుతుంది.

డాలస్ కోడలు:

అమెరికాకు పంపేవాళ్ళ కోసం.

బియ్యం పంపకండి. ఖప్రా బీటిల్ అనే పురుగు ఉన్న దేశాల నుంచి సామానులో గానీ, పోస్టులో గానీ బియ్యం రానివ్వరు, ఆ జాబితాలో ఇండియా ఉంది. పచ్చి కరివేపాకు కూడా అంతే. నిమ్మ, నారింజ తోటలను చంపేసే తెగులును మోసే పురుగు కరివేప మీద బతుకుతుంది, అందుకే అంత పట్టుదల. మా అత్తగారు కరివేపాకు వేయించి పొడి కొట్టి పంపిస్తారు, నాకు ఆ పొడే కావాలి కూడా. మాంసం పచ్చళ్ళు ఏ రూపంలోనూ వద్దు.

ఇంట్లో చేసుకున్న తిండిని చేసినవాళ్ళే బహుమతిగా పంపితే ఎఫ్.డి.ఏ. ప్రయర్ నోటీస్ (అక్కడి ఆహార, ఔషధ సంస్థకు ముందుగా ఇచ్చే సమాచారం) అవసరం లేదు. కొట్లో కొన్న మిఠాయిలకు అది కావాలి. ఇక సుంకం సంగతి. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. 100 డాలర్ల లోపు నిజమైన బహుమతికి మాత్రం మినహాయింపు ఉంచారు. ఈ లెక్కలు మారుతున్నాయి కాబట్టి పెట్టె కట్టేముందు మీ కౌంటర్‌లో అడగండి.

సున్నుండల గురించి ఒక మాట. ఉండలు చుట్టి పంపితే దారిలో చిట్లి పిండి అవుతాయి, పైగా నెయ్యి ముక్కవాసన వేస్తుంది. మా అమ్మ ఉత్త సున్నుండల పిండి పంపుతుంది. పొట్టు మినుములు సగం, పొట్టు తీసినవి సగం, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, గుప్పెడు బియ్యంతో సహా మెత్తగా పట్టిస్తుంది. బెల్లం, నెయ్యి ఇక్కడే ఇండియన్ స్టోర్‌లో కొంటాను. కప్పు పిండికి ముప్పావు కప్పు బెల్లం తురుము, ఉండ కట్టేంత వేడి నెయ్యి. మా పాపతో కలిసి చుడతాను. ఉండలు ఒక్కోటి ఒక్కో సైజులో వస్తాయి, కానీ అది అమ్మమ్మ పిండి అని దానికి తెలుసు. పార్సెల్ బరువు కూడా సగానికి తగ్గింది.

నిజామాబాద్ టు దుబాయ్:

అన్నలూ, అక్కలూ, గల్ఫ్‌కు పంపేవాళ్ళు ఒక్క ముచ్చట గట్టిగా గుర్తుపెట్టుకోండి. గసగసాలు. యు.ఏ.ఈ., సౌదీ లాంటి దేశాల్లో గసగసాలు మత్తు పదార్థం కింద లెక్క. మసాలా పొడిలో కలిపినా అంతే. ఇంట్లో అమ్మ ప్రేమతో మటన్ మసాలాలో గుప్పెడు గసాలు వేస్తది, ఇక్కడ దిగిన కొడుకు జైలు మెట్లు ఎక్కాల్సి వస్తది. మసాలా పంపేముందు అందులో ఏమేం వేశారో ఇంట్లో అడగండి. దగ్గు మందులు, నొప్పి మాత్రలు కూడా కొన్ని ఇక్కడ నిషేధం, డాక్టర్ చీటీ లేకుండా మూట కట్టకండి.

మాకు కొరియర్ కంటే ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేతికి ఇచ్చి పంపుడే ఎక్కువ. అందులో కూడా పద్ధతి ఉండాలి. సీల్ చేసిన మూట చేతిలో పెట్టి "మావోడికి ఇయ్యి" అనకండి. తీసుకుపోయేవాడి ముందే విప్పి చూపించి, అతని ముందే కట్టండి. తెలియని మూట మోసి ఇక్కడ ఇరుక్కున్నవాళ్ళున్నారు. చూపించమంటే చిన్నబుచ్చుకునే చుట్టాలు ఉంటే చిన్నబుచ్చుకోనీయండి.

ఎండు కొబ్బరి చిప్పలు చెక్-ఇన్ బ్యాగ్‌లో పెట్టకండి. వాటిలో నూనె ఎక్కువ, వాటంతట అవే వేడెక్కి అంటుకునే గుణం ఉందని 2022 నుంచి ఆపుతున్నారు. పచ్చడి చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు, పెద్ద బ్యాగ్‌లోనే పెట్టాలి.

మా రూములో ఆరుగురం. ఇంటి నుంచి పెట్టె వచ్చిన రాత్రి అందరం కింద పేపర్ పరిచి కూసుంటాం. సకినాలు, నువ్వుల పొడి, చింతకాయ తొక్కు, ఎల్లిపాయ కారం. ఒకనికి వచ్చినా ఆరుగురికి వచ్చినట్టే. కాబట్టి అమ్మలూ, మీ కొడుకు ఒక్కడికి సరిపోయేంత కాకుండా ఇంకొంచెం ఎక్కువ వెయ్యండి.

గోదావరి అమ్మ:

బాబూ నిజామాబాద్, ఆరుగురి మాట చదివి మనసు కరిగింది. మా వాడి రూమ్‌మేట్స్‌లో ఒకడు కేరళ అబ్బాయి, ఒకడు ఇరాన్ అబ్బాయి. వాళ్ళకూ నచ్చేలా కారం తగ్గించి ఒక ప్యాకెట్ వేరే చేస్తాను.

బెర్లిన్ బాబూ, నువ్వు చెప్పినట్టే వాడిని అడిగాను. కుదురుగా అడిగితే చెప్పాడు. పులిహోర తినాలని ఉందిట. ఆదివారం గుడి ప్రసాదంలా ఉండాలిట. పులిహోర పులుసు నిలవ చేసి పంపొచ్చా? అది తడి పదార్థం కదా, టీచర్‌గారు ఏమంటారు?

హోమ్ సైన్స్ టీచర్:

పంపొచ్చు. చింతపండు పులుపు, ఉప్పు, నూనె మూడూ కాపాడతాయి. నీరు పూర్తిగా ఇగరాలి, అదొక్కటే షరతు. పచ్చిమిరపకాయలు వేయకండి, వాటిలో నీరుంటుంది. ఎండుమిర్చితోనే చేయండి.

కాకినాడ వదిన:

పులిహోర మాట వచ్చింది కాబట్టి నేను రాస్తాను, మా ఆడపడుచుకు లండన్ ఏటా పంపేది ఇదే.

చింతపండు పావు కిలో, కొత్తది కాదు, కాస్త నల్లబడిన పాతది. మరిగిన నీళ్ళు మునిగేంతే పోసి, మెత్తబడ్డాక చిక్కగా గుజ్జు తీసి జల్లెడ పట్టాలి. మందపాటి గిన్నెలో 200 గ్రాముల నువ్వుల నూనె కాచి ఆవాలు, 15 ఎండుమిర్చి, దండిగా కరివేపాకు వేయండి. కరివేపాకు చిటపటలు ఆగి గాజులా పెళుసు అయ్యేవరకూ ఆగండి. తర్వాత ఇంగువ, పసుపు, గుజ్జు, ఉప్పు నాలుగు చెంచాలు, నిమ్మకాయంత బెల్లం.

ఇక స్టవ్ దగ్గర నుంచి కదలకూడదు. మొదట కుతకుత ఉడుకుతూ పైకి చిందుతుంది. కాసేపటికి శబ్దం తగ్గి బుడగలు పెద్దవై బద్ధకంగా పగులుతాయి. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే ఆ గీత మూసుకోకుండా నిలబడాలి, ఆ గీతలోకి నూనె మాత్రమే వచ్చి చేరాలి. అప్పుడు దింపండి. వేయించిన మెంతులు, ఆవాల పొడి ఒక చెంచా చల్లి కలపండి. మర్నాడు ప్యాక్ చేయండి.

పల్లీలు, శనగపప్పు, మినప్పప్పు ఇందులో కలపవద్దు, మెత్తబడి పోతాయి. నూనెలో వేయించి, కాగితం మీద ఆరనిచ్చి చిన్న ప్యాకెట్లో వేరుగా పెట్టండి. అన్నం వార్చాక ముందు చెంచా నూనె, పసుపు వేసి పళ్ళెంలో చల్లార్చుకోమని, తర్వాత కప్పు అన్నానికి పెద్ద చెంచాడు పులుసు కలుపుకోమని ప్యాకెట్ మీదే రాసి పెట్టండి.

అన్నట్టు, కొలతల గోల నాకూ ఉండేది. మా ఆడపడుచు "వదినా, నీ చెంచా ఎంత" అని ప్రతిసారీ అడిగేది. ఇక్కడ నేను వాడే స్టీలు చెంచా, గ్లాసు జతగా కొని ఒక జత తనకు పంపేశాను. ఇప్పుడు ఫోన్‌లో "రెండు గ్లాసులు" అంటే ఇద్దరికీ ఒకటే. వంట చేస్తూ వాయిస్ మెసేజ్‌లు పెడతాను, వీడియో తీస్తూ వండటం నావల్ల కాదు. తను అవన్నీ వంటకం పేరుతో దాచుకుంటోంది.

మెల్‌బోర్న్ మావయ్య:

ఆస్ట్రేలియా నియమాలు వేరు. ఇక్కడ బయోసెక్యూరిటీ, అంటే బయటి పురుగులు, తెగుళ్ళు రాకుండా చూసే తనిఖీ, చాలా కఠినం. బర్ఫీ, రసగుల్లా, రసమలై, గులాబ్ జామూన్, సోన్ పాపిడి లాంటి మిఠాయిలు అసలు రానివ్వరు. చేత్తో తెచ్చేవాళ్ళు ప్రతి తినుబండారాన్నీ దేశంలోకి వచ్చేటప్పుడు నింపే కార్డులో డిక్లేర్ చేయాలి. చెప్పి తెస్తే, పనికిరానిది వాళ్ళు తీసుకుని పారేస్తారు, అంతటితో సరి. దాచి తెస్తే జరిమానా, ఒక్కోసారి వీసాకే ఎసరు. పక్కన న్యూజిలాండ్‌లో అయితే అక్కడికక్కడే 400 డాలర్లు. మన పెద్దవాళ్ళు మొదటిసారి వస్తున్నప్పుడు కార్డులో "లేదు" అని టిక్ పెట్టేస్తుంటారు, భయంతో. ఉన్నది ఉన్నట్టు "ఉంది" అని పెట్టమని ముందే నేర్పండి.

ఒంగోలు పిన్ని:

మా అమ్మాయికి న్యూజెర్సీలో వచ్చే నెల పురుడు. నా వీసా ఇంకా తేలలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నేను వెళ్ళలేకపోతే కనీసం పథ్యం సామాన్లయినా పంపాలి. కాయం (బాలింతకు పెట్టే మందు), శొంఠి, తేనె, కాటుక, ఉగ్గు గిన్నె అన్నీ రాసుకున్నాను. ఇంకేమైనా ఉన్నాయా?

డాలస్ కోడలు:

పిన్నిగారూ, మా అమ్మ కూడా నా కాన్పుకు రాలేకపోయింది. ఆ బాధ నాకు తెలుసు. శొంఠి పొడి, కరివేపాకు పొడి, ధనియాల కారం, వాము పంపండి. వేడి అన్నంలో నెయ్యి వేసుకుని ఆ పొడులతో తినడమే పథ్యం నాకు. వండిపెట్టే మనిషి లేనప్పుడు అంతకంటే ఆదుకునేది లేదు.

కాటుక మాత్రం వద్దండీ. అమెరికాలో కాటుకను అనుమతించరు, చాలా వాటిలో సీసం ఉంటుంది, పసిపిల్లల ఒంట్లోకి చేరుతుంది. దిష్టి కోసమైతే నల్ల దారం పంపండి.

హోమ్ సైన్స్ టీచర్:

కాయం మీరే ఇంట్లో శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము, బెల్లంతో చేస్తే ఆ దినుసుల వరకూ నాకు అభ్యంతరం లేదు. అమ్మాయి తన డాక్టర్‌కు చెప్పి తినాలి. కొట్లో దొరికే భస్మాలు కలిసిన లేహ్యాలు పంపకండి, వాటిలో సీసం, పాదరసం బయటపడిన సందర్భాలున్నాయి, పాలిచ్చే తల్లికి అవి మంచివి కావు. పసుపు కూడా విడిగా దొరికే మెరిసే రకం కాకుండా, కొమ్ములు కొని మీరే పట్టించి పంపండి. రంగు కోసం సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ ఉంది. ఏడాది నిండని బిడ్డకు ఉగ్గులో తేనె రంగరించవద్దని మీ అమ్మాయికి చెప్పండి, బొటులిజం ప్రమాదం అక్కడా ఉంది.

తాతమ్మ వంటలు (గుంటూరు):

అమ్మా ఒంగోలు, తిండి సంగతి వాళ్ళు చెప్పారు. నేను బట్ట సంగతి చెప్తాను. నీ పాత నూలు చీరలున్నాయి చూడు, ఉతికి ఉతికి మెత్తబడినవి. రెండు మూడు తీసి, వేడి నీళ్ళలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, ముక్కలు చేసి అంచులు కుట్టించు. బిడ్డ పక్కబట్టలకి, చుట్టడానికి. కొత్త బట్ట ఎంత ఖరీదుదైనా ఆ మెత్తదనం రాదు. తూకం కూడా ఉండదు. దానికి ఏ దేశంలో ఎవరూ అడ్డం చెప్పరు.

ఒంగోలు పిన్ని:

కాటుక, తేనె తీసేశాను. చీరలు ఉడకబెట్టేశాను తాతమ్మా.

నిర్వాహకులు:

ఈ చర్చలో చెప్పిన దేశాల నియమాలు ఎప్పుడైనా మారవచ్చు. పార్సెల్ కట్టే రోజున ఆ దేశపు కస్టమ్స్ వెబ్‌సైట్ చూడండి. వంటకాలను వెతకడానికి వీలుగా, కొత్తగా రాసేవాళ్ళు వంటకం పేరు మొదటి వరుసలో పెట్టండి.

సిద్దిపేట చెల్లె:

సకినాలు. మా అన్న మస్కట్‌లో ఉంటాడు. ఎట్ల కట్టినా సగం విరిగిపోతున్నయి. కొరియర్ వాళ్ళు బుడగల ప్లాస్టిక్ చుట్టమన్నారు, అయినా అంతే. ఏం చేయాలె?

నిజామాబాద్ టు దుబాయ్:

చెల్లె, బుడగల ప్లాస్టిక్ పెట్టె చుట్టూ చుడితే లాభం లేదు, లోపల సకినాలు కదలకుండా ఉండాలె. గుండ్రటి స్టీలు డబ్బా, సకినం కంటే వేలెడు వెడల్పు ఉన్నది తీసుకో. సకినాలు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి దొంతర పేర్చు, నిలబెట్టకు. పక్కల సందులో, నడుమ రంధ్రంలో మరమరాలు గట్టిగా నింపు. ప్రతి ఆరు సకినాలకు ఒక కాగితం. మూత పెట్టేముందు పైన కూడా మరమరాలు ఒత్తి పొయ్యి, డబ్బా ఊపితే చప్పుడు రావద్దు. ఆ మరమరాలు కూడా పారేసేవి కావు, ఉల్లిగడ్డ, కారం, నూనె కలిపి అదే రాత్రి తినేస్తాం. పిండి తడిపేటప్పుడు నువ్వులు, వాము ఎక్కువ వేసి, సకినం కొంచెం లావుగా చుట్టమని అమ్మకు చెప్పు. సన్న సకినం చూడ్డానికే బాగుంటది, విమానం దిగదు.

సిద్దిపేట చెల్లె:

అన్నా, డబ్బా తెచ్చిన. అమ్మ బియ్యం నానపోసింది.